అభిశంసన పెట్టి ఏం లాభం? సెనేట్‌లో ఎలాగూ వీగిపోతుంది కదా

ఉత్తరాయణం

అమెరికాలో మళ్ళీ అధ్యక్షుడు ట్రంప్ అభిశంసన మాట వినిపిస్తోంది. 2025లో ప్రతినిధుల సభలో మిషిగన్ డెమొక్రాట్ సభ్యుడు శ్రీ థానేదార్ ఏడు ఆరోపణలతో ఒక తీర్మానం పెట్టారు. సొంత పార్టీ వాళ్ళే వద్దనడంతో ఓటింగ్ దాకా తీసుకెళ్ళకుండా ఆగిపోయారు. ఆ జూన్‌లోనే టెక్సస్ సభ్యుడు అల్ గ్రీన్ ఇంకో తీర్మానం పెట్టారు. కాంగ్రెస్‌ని అడగకుండా ఇరాన్ మీద దాడి చేశారన్నది అందులో ఆరోపణ. 344–79తో దాన్ని పక్కన పడేశారు. పడేసినవాళ్ళలో ఆయన పార్టీ వాళ్ళూ బోలెడుమంది.

ట్రంప్ మంచివాడా కాదా అన్న గొడవ ఇక్కడ వద్దు, దయచేసి. నా ప్రశ్న వేరు. ఆ దేశంలో ఇప్పటిదాకా ముగ్గురు అధ్యక్షుల మీద నాలుగుసార్లు ప్రతినిధుల సభలో అభిశంసన నెగ్గింది. దోషా కాదా తేల్చేది మాత్రం సెనేట్. ఒక్కరికీ పదవి పోలేదు. అలాంటప్పుడు ఈ తతంగం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే కాదా?

అడ్డగోలు

ఒకటే ఎందుకవుతుందండీ? టీవీ ఛానెళ్ళకి రెండు నెలలు పండగ. రెండు పార్టీలకీ చందాలు దండిగా వస్తాయి. ఓటింగ్ రోజున ప్రతివాడూ జేబులోంచి రాజ్యాంగం తీసి ఊపుతాడు. మర్నాడు ఎవరి పని వాళ్ళది.

లెక్కల_మాస్టారు

ముందు లెక్క చూద్దాం. ప్రతినిధుల సభలో మామూలు మెజారిటీ చాలు. సెనేట్‌లో హాజరైనవాళ్ళలో మూడింట రెండు వంతులు కావాలి. వందమందీ వస్తే 67. ఒకే పార్టీకి 67 సీట్లు ఉన్న చివరి సెనేట్ 1965–67 నాటిది. అప్పుడు డెమొక్రాట్లకి ఉండేవి. ఆ తర్వాత ఎవరికీ రాలేదు. అంటే అధ్యక్షుడి సొంత పార్టీలో కొందరు చీలిరావాలి. లేకపోతే ఆయన్ని కదిలించలేరు.

దోషి అన్న ఓట్లు ముందు, కాదన్నవి తర్వాత:

1868, ఆండ్రూ జాన్సన్: 35–19. ఒక్క ఓటు తక్కువ.
1999, క్లింటన్: ఒక ఆరోపణ మీద 45–55, రెండోదాని మీద 50–50.
2020, ట్రంప్: 48–52, 47–53.
2021, మళ్ళీ ట్రంప్: 57–43.

క్లింటన్ పార్టీ వాళ్ళు ఒక్కరూ ఆయనకి వ్యతిరేకంగా ఓటెయ్యలేదు. 2020లో ట్రంప్ పార్టీ నుంచి మిట్ రామ్నీ ఒక్కడే, అదీ ఒక్క ఆరోపణ మీదే. 2021లో ఏడుగురు.

పాత_పేపర్

మాస్టారూ, మీ పట్టికలో నిక్సన్ లేడు. సభలో ఓటింగ్ జరగలేదు కాబట్టి అలాంటి ఏ పట్టికలోనూ ఉండడు. పదవి పోయింది మాత్రం ఆయనకే.

1972లో 49 రాష్ట్రాలు గెలిచిన మనిషి. 1973 వేసవిలో ఆయన్ని దించెయ్యాలన్నవాళ్ళు గాలప్ సర్వేలో 19 శాతం. అక్కడితో సర్దుకుని కూర్చుంటే కథ అయిపోయేది. కానీ ప్రతిపక్ష పార్టీ ఆఫీసులోకి దొంగలు చొరబడ్డ వాటర్‌గేట్ వ్యవహారం మీద విచారణలు టీవీలో నడిచాయి. అధ్యక్షుడి ఆఫీసులో మాటలన్నీ టేపుల్లోకి ఎక్కుతున్నాయని బయటపడింది. ఆ టేపులు ఇమ్మన్న ప్రత్యేక ప్రాసిక్యూటర్‌ని ఆయన తీయించేశాడు. 1974 జులై 24న సుప్రీంకోర్టు 8–0తో టేపులు ఇచ్చి తీరాలంది. ఆ వారం తిరిగేలోపు ప్రతినిధుల సభ జ్యుడీషియరీ కమిటీ మూడు ఆరోపణలు ఆమోదించింది. ఆగస్టు 5న అసలు టేపు బయటికొచ్చింది. ఎఫ్‌బీఐ దర్యాప్తును ఆపడానికి సీఐఏని వాడుకుందామన్న మాట అందులో ఉంది. 7వ తేదీన సొంత పార్టీ పెద్దలతో కలిసి సెనేటర్ బ్యారీ గోల్డ్‌వాటర్ వైట్‌హౌస్‌కి వెళ్ళి, సెనేట్‌లో మీకు ఓట్లు లేవని మొహం మీదే చెప్పాడు. 9న నిక్సన్ దిగిపోయాడు.

కోర్టు టేపులు ఇమ్మన్నది ఆయన అనుచరుల క్రిమినల్ కేసు కోసం. కానీ అవి వచ్చి పడింది అభిశంసన ఖాతాలో. ఆ భయం లేకపోతే ఆయన రాజీనామా చేసేవాడా?

ఇలా లెక్కకందని వాళ్ళు బయట కూడా ఉన్నారు. 2008 ఆగస్టులో పాకిస్తాన్‌లో ముషారఫ్ అభిశంసన మొదలవకముందే తప్పుకున్నాడు. 2017లో జింబాబ్వేలో ముగాబే కూడా పార్లమెంటులో తీర్మానం చర్చకు రాగానే రాజీనామా పంపాడు. అక్కడ అప్పటికే సైన్యం రోడ్డెక్కింది, అది వేరే సంగతి.

రచ్చబండ

పెద్దాయనా, నిక్సన్ కాలం వేరు. దేశమంతా రెండు మూడు ఛానెళ్ళే చూసేది. సొంత పార్టీ పెద్దాయన వచ్చి "అయిపోయింది" అంటే అయిపోయినట్టే.

2021కి రండి. జనవరి 6న ట్రంప్ అభిమానులు క్యాపిటల్ (అక్కడి పార్లమెంటు భవనం) మీద దాడి చేసినప్పుడు సెనేటర్లు ప్రాణభయంతో లోపలి దారుల వెంట పరిగెత్తారు. వాళ్ళే సాక్షులు, వాళ్ళే జ్యూరీ. అయినా 43 మంది కాదన్నారు. ప్రతినిధుల సభలో పదిమంది రిపబ్లికన్లు అవునన్నారు కదా, వాళ్ళకేమైందో చూడండి. నలుగురు మళ్ళీ పోటీ చెయ్యలేదు. నలుగురు ప్రైమరీల్లోనే, అంటే సొంత పార్టీ లోపలి పోటీలోనే ఓడిపోయారు. మాజీ ఉపాధ్యక్షుడి కూతురు లిజ్ చేనీ అంతటి ఆవిడే ఓడింది. 2022లో గెలిచి మిగిలింది ఇద్దరు. ట్రంప్ 2024లో దర్జాగా గెలిచి వచ్చారు.

శిక్ష ఎవరికి పడిందో ఇప్పుడు చెప్పండి.

నీలిసిరా

రచ్చబండ గారు చెప్పినవి నిజాలే. కానీ వాటితోనే నేను వేరేచోటికి వస్తున్నాను. ఇది కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

2021లో ట్రయల్ జరిగేనాటికి ట్రంప్ పదవిలో లేరు. ఇంక దించేదేముంది అని అప్పుడు చాలామంది నవ్వారు. కానీ రాజ్యాంగం రెండు శిక్షలు చెప్పింది. ఒకటి పదవి తీసెయ్యడం. రెండోది మళ్ళీ ఏ ఫెడరల్ పదవీ చేపట్టకుండా నిషేధం. ఈ నిషేధం దానంతట అది రాదు, సెనేట్ విడిగా ఓటెయ్యాలి. 1989లో ఆల్సీ హేస్టింగ్స్ అనే జడ్జిని తొలగించారు గానీ నిషేధం పెట్టలేదు. 1992లో ఆయన ఎన్నికల్లో నిలబడి ప్రతినిధుల సభకే వచ్చి కూర్చున్నాడు! తనను అభిశంసించిన సభకే.

ఈ రెండో ఓటుకు మామూలు మెజారిటీ చాలన్నది సెనేట్ పాటిస్తూ వచ్చిన పద్ధతి. అంటే 2021లో ఆ 57కి ఇంకో పది తోడై ఉంటే నిషేధం పెట్టడం కష్టమేమీ కాదు, 2024 ఎన్నికల రూపమే వేరుగా ఉండేది. ఆ పది ఓట్ల దూరంలో ఆగిపోయిన విషయాన్ని ఉత్త తతంగం అని ఎలా అంటారు? ఓడిపోయింది, నిజమే. ఓడిపోయిన ప్రతిదీ ఉత్తుత్తిది కాదు.

నన్ను నిజంగా బాధపెట్టేది ఆ తర్వాతి కథ. సెనేట్‌లో ట్రంప్ లాయర్ ఏమన్నారు? పదవి దిగిపోయాక నేరం చేశాడనుకుంటే వెళ్ళి అరెస్టు చేసుకోండి, ఈ సభకేం పని అన్నారు. రిపబ్లికన్ల నాయకుడు మెకానెల్, జరిగినదానికి ఆయనదే బాధ్యత అని సభలోనే చెప్పి, కోర్టులున్నాయి కదా అంటూ కాదన్న 43లో ఒకడయ్యాడు. సరే, కేసు కోర్టుకి వెళ్ళింది. 2024 జనవరిలో అప్పీల్ కోర్టులో ట్రంప్ తరఫు లాయర్ వాదన ఏమిటి? ముందు అభిశంసనలో సెనేట్ దోషి అని తేల్చాలి, ఆ తర్వాతే అధికారిక చర్యల మీద కేసు పెట్టాలి అని! సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు గానీ, 2024 జులై 1న 6–3 తీర్పుతో అధికారిక పనుల మీద క్రిమినల్ కేసుల నుంచి విశాలమైన రక్షణే ఇచ్చింది. సెనేట్ కోర్టు వైపు చూపిస్తే, కోర్టులో వాదన సెనేట్ వైపు చూపించింది.

అభిశంసనకి విలువ లేదనేవాళ్ళని నేను అడిగేది ఇదే. ఆ తీర్పు తర్వాత అధికారిక పనుల్లో అధ్యక్షుడు హద్దు మీరితే అడ్డుకునే దారి ఇంకేం మిగిలింది? ఇది బలహీనమైన దారి కావచ్చు. పక్కనున్న దారి ఇరుకైపోయాక దీని విలువ పెరిగిందా, తగ్గిందా?

అడ్డగోలు

మేడమ్, దారి ఉండటం వేరు, దాని మీద ఎవరైనా నడవడం వేరు.

ఉత్తరాయణం

నీలిసిరా గారూ, ఆ నిషేధం సంగతి ఇంత వివరంగా ఎక్కడా చదవలేదు. మరి నాకొక సందేహం. మూడింట రెండు వంతులు అని ఎందుకు బిగించారు? మన పార్లమెంటులో 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269–270తో, ఒక్క ఓటుతో పడిపోయింది. అమెరికావాళ్ళూ అలా పెట్టుకుంటే గొడవే ఉండదు కదా.

పాత_పేపర్

అక్కడే ఉంది తేడా తమ్ముడూ. వాజ్‌పేయి ఏదో నేరం చేశాడని ఆయన్ని దించలేదు. సభలో బలం లేదు, అంతే. అలా దిగినవాడు ఎన్నికలకెళ్ళి అదే ఏడాది మళ్ళీ ప్రధాని అయ్యాడు, ఎవరూ తప్పుబట్టలేదు. అమెరికా అధ్యక్షుడు సభ బలంతో రాడు, నాలుగేళ్ళకని విడిగా గెలిచి వస్తాడు. మధ్యలో దించాలంటే బలం లేదనడం చాలదు, తప్పు చూపించాలి.

1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసేటప్పుడు సరిగ్గా ఈ చర్చే జరిగింది. ముసాయిదాలో దేశద్రోహం, లంచం రెండే ఉన్నాయి. జార్జ్ మేసన్ లేచి ఇవి చాలవన్నాడు, వారెన్ హేస్టింగ్స్‌ని ఉదాహరణగా చూపించాడు. అవును, మన గవర్నర్ జనరల్ హేస్టింగ్సే. కాశీ రాజా చైత్ సింగ్‌నీ అవధ్ బేగంలనీ పీడించి డబ్బు గుంజాడన్న ఆరోపణలతో బ్రిటిష్ పార్లమెంటు ఆయన మీద అభిశంసన నడుపుతున్న రోజులవి. అంతటి అక్రమాలు దేశద్రోహం కిందికి రావు కదా అన్నది మేసన్ వాదన. అందుకని అసమర్థ పాలనని కూడా చేరుద్దామన్నాడు. మాడిసన్ ఒప్పుకోలేదు. అంత వదులుగా రాస్తే అధ్యక్షుడు సెనేట్ దయ మీద బతకాలి అన్నాడు. చివరికి "తీవ్రమైన నేరాలు, దుష్ప్రవర్తన" దగ్గర రాజీపడ్డారు. హేస్టింగ్స్ కేసు ఏడేళ్ళు సాగి 1795లో నిర్దోషిగా తేలింది. అవధ్ బేగంలకి దాంతో ఒరిగిందేమీ లేదు.

ఒక్క ఓటు అన్నారు కాబట్టి జాన్సన్ సంగతి కూడా. అప్పుడు ఉపాధ్యక్షుడే లేడు. జాన్సన్ దిగితే ఆ కుర్చీ సెనేట్ తాత్కాలిక అధ్యక్షుడు బెంజమిన్ వేడ్‌ది. ఆ వేడ్ కూడా దోషి అనే ఓటేశాడు! ఇంతకీ జాన్సన్ నేరం ఏమిటి? సెనేట్ అనుమతి లేకుండా యుద్ధ మంత్రి స్టాంటన్‌ని తీసెయ్యడం. అలా తీయకూడదన్న చట్టాన్ని అంతకు ముందటేడే చేశారు. ఆ చట్టం చెల్లేదే కాదని 1926లో సుప్రీంకోర్టు ఇంకో కేసులో తేల్చింది. మామూలు మెజారిటీ ఉంటే ఇలాంటివి ఎన్ని చూసేవాళ్ళమో.

లెక్కల_మాస్టారు

జాన్సన్ గెలిచాడు గానీ ఊరికే గెలవలేదు. ఓటింగ్ ముందు సెనేటర్లకి నచ్చిన మనిషిని యుద్ధ శాఖకి ప్రతిపాదించాడు. చివరి నెలల్లో కాంగ్రెస్‌తో పాత దూకుడు తగ్గింది. ఆ మేరకు అభిశంసన పని చేసినట్టే.

నిశాచరి

అందరూ అమెరికా దగ్గరే ఆగిపోయారు. దక్షిణ కొరియా చూడండి. 2024 డిసెంబర్ 3 రాత్రి అధ్యక్షుడు యూన్ మార్షల్ లా (సైనిక పాలన) ప్రకటించాడు. 7వ తేదీన మొదటి తీర్మానం కోరం లేక వీగిపోయింది, పాలక పార్టీ వాళ్ళు లేచి వెళ్ళిపోయారు. బయట చలిలో జనం కదల్లేదు. వారం తిరిగేసరికి అదే సభలో 204 ఓట్లు పడ్డాయి, కావలసింది 200. తుది మాట రాజ్యాంగ న్యాయస్థానానిది. 2025 ఏప్రిల్ 4న 8–0తో పదవి తీసేసింది. 2017లో అధ్యక్షురాలు పార్క్ గున్ హే విషయంలోనూ 8–0.

తీర్పు చెప్పేది పార్టీ సెనేటర్లు కాదు, జడ్జీలు. నా దృష్టిలో తేడా అంతా అక్కడే ఉంది.

ఆ కోర్టు ప్రతిసారీ తల కూడా ఊపదు. 2004లో రో మూ హ్యున్‌ని పార్లమెంటు అభిశంసిస్తే, ఎన్నికల చట్టం ఉల్లంఘించిన మాట నిజమేగానీ పదవి తీసేంత తీవ్రత లేదని వెనక్కి పంపింది. ఆ లోపు ఎన్నికలొచ్చి ఓటర్లు ఆయన పార్టీకి 299లో 152 సీట్లు ఇచ్చారు.

రచ్చబండ

కొరియా చెప్పారు సరే, పెరూ కూడా చెప్పండి మరి. "నైతిక అసమర్థత" అని రాజ్యాంగంలో ఒక్క మాట ఉంది, 130 మందిలో 87 మంది చాలు. 2020లో విజ్కారా, 2022లో కాస్టియో, 2025లో బొలువార్తే వరసగా పోయారు. 2016 నుంచి 2025 దాకా ఏడుగురు అధ్యక్షులు మారారు. అక్కడ అభిశంసన బ్రహ్మాండంగా "పనిచేస్తోంది". దేశం బాగుపడిందా?

బ్రెజిల్‌లో 2016లో దిల్మా రూసెఫ్‌ని 61–20తో తీశారు. బడ్జెట్ లెక్కల్లో లోటు దాచిందని. ఆ ప్రక్రియ మొదలుపెట్టిన స్పీకర్ ఎడ్వార్డో కున్యా అదే ఏడాది అవినీతి కేసులో అరెస్టయ్యాడు. ఉపాధ్యక్షుడు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఓటర్లు ఎన్నుకున్నది ఎవర్ని, వచ్చింది ఎవరు?

నిశాచరి

కాస్టియోని ఆ జాబితాలో కలపకండి. ఆయన ముందు పార్లమెంటునే రద్దు చేస్తున్నానన్నాడు, ఆ తర్వాత కొన్ని గంటల్లో వాళ్ళు ఆయన్ని తీసేశారు. మిగతావాటి మీద మీతో గొడవ లేదు.

మోడరేటర్

రెండు పోస్టులు తీసేశాను. ఎవరి పార్టీ వాళ్ళు ఎవరికి అమ్ముడుపోయారన్న చర్చకి వేరే విభాగం ఉంది.

కొత్తగా_చేరా

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మన రాష్ట్రపతిని కూడా ఇలా తీయొచ్చా?

నీలిసిరా

తీయొచ్చు. 61వ అధికరణ. ఏ సభలోనైనా మొదలుపెట్టొచ్చు. నాలుగో వంతు సభ్యుల సంతకాలతో 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. హాజరైనవాళ్ళలో కాదు, సభ మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతులు కావాలి. ఆ తర్వాత రెండో సభ విచారించి అంతే మెజారిటీతో అవునంటే పదవి పోతుంది. కారణం ఒక్కటే, రాజ్యాంగ ఉల్లంఘన. ఇప్పటిదాకా ఎవరి మీదా వాడలేదు. అసలు అధికారం మంత్రివర్గం దగ్గర ఉన్నప్పుడు రాష్ట్రపతిని దించే అవసరం ఎవరికొస్తుంది?

ఉత్తరాయణం

సరే, నా మొదటి ప్రశ్నని కాస్త మార్చి అడుగుతాను. 2026 నవంబర్ ఎన్నికల్లో ప్రతినిధుల సభ చేతులు మారిందనుకుందాం. సెనేట్‌లో 67 రావని తెలిసీ అభిశంసన పెట్టాలా, వద్దా?

రచ్చబండ

వద్దు. 1998లో రిపబ్లికన్లు క్లింటన్ వెంటపడ్డారు. ఆ నవంబర్‌లో సభలో అయిదు సీట్లు పోగొట్టుకున్నారు, స్పీకర్ గింగ్రిచ్ తప్పుకోవాల్సి వచ్చింది. అయినా ఆగకుండా డిసెంబర్‌లో అభిశంసించారు. ఆ నెల గాలప్ సర్వేలో క్లింటన్ ఆదరణ 73 శాతం! వీగిపోయే అభిశంసన అధ్యక్షుడికి టానిక్ లాంటిది. "చూశారా, నిర్దోషినని తేలింది" అని ఊరూరా చెప్పుకుంటాడు.

లెక్కల_మాస్టారు

2000లో అధ్యక్ష పదవి గెలిచింది క్లింటన్ పార్టీ కాదు. అల్ గోర్ ఓడిపోయాడు. దానికి అభిశంసనే కారణమని నేననను. కానీ ఒక సర్వే అంకె పట్టుకుని టానిక్ అని కూడా అనలేం. క్లింటన్ విషయంలో ఇంకోటి. సెనేట్ వదిలేసింది గానీ, అబద్ధపు సాక్ష్యం వ్యవహారంలో కోర్టు ధిక్కార జరిమానా పడింది, ఆర్కాన్సాలో లా లైసెన్స్ అయిదేళ్ళు సస్పెండ్ అయింది. పూర్తిగా ఒడ్డున పడలేదు.

నీలిసిరా

నేనైతే తీర్మానం తర్వాత, విచారణ ముందు అంటాను. అభిశంసన విచారణ అంటే సభకి పత్రాలు అడిగే హక్కు చాలా బలపడుతుంది, సాక్షులు ప్రమాణం చేసి మాట్లాడాలి. 2019లో, ట్రంప్ తన ప్రత్యర్థి మీద దర్యాప్తు కోసం ఉక్రెయిన్‌ని ఒత్తిడి చేశారన్న వ్యవహారంలో రాయబారులు వచ్చి చెప్పిన మాటలు ఇవాళ్టికీ రికార్డులో ఉన్నాయి. ఓట్లు లేకపోయినా ఆ రికార్డు పోదు. పెడితే ఒకటో రెండో ఆరోపణలు, గట్టి కాగితాలతో. థానేదార్ గారిలా ఏడు కాదు.

పాత_పేపర్

ఈ మాట నిక్సన్ కమిటీకి తెలుసు. వాళ్ళ ముందుకొచ్చినవి అయిదు. దర్యాప్తును అడ్డుకోవడం మీద 27–11, అధికార దుర్వినియోగం మీద 28–10. మొదటిదానికి ఆరుగురు రిపబ్లికన్లు, రెండోదానికి ఏడుగురు కలిశారు. సభ అడిగిన టేపులు ఇవ్వకపోవడం మీద 21–17తో గట్టెక్కింది. మిగతా రెండూ 26–12తో పోయాయి. ఒకటి ఆదాయపు పన్ను. రెండోది, కాంగ్రెస్‌కి తెలియకుండా కంబోడియా మీద చేసిన బాంబు దాడులు.

అడ్డగోలు

అంటే పార్టీ ఆఫీసులోకి దొంగల్ని పంపి, దాన్ని కప్పిపుచ్చితే అభిశంసన. ఇంకో దేశం మీద రహస్యంగా బాంబులేస్తే 12 ఓట్లు. 2025 జూన్‌లో ఇరాన్ దాడి మీద 79. మాస్టారూ, యాభై ఏళ్ళలో 67 ఓట్ల పురోగతి, మీ పట్టికలో వేసుకోండి.

లెక్కల_మాస్టారు

అది 38 మంది కమిటీ, ఇది 435 మంది సభ. శాతాల్లో చూస్తే అక్కడ 32, ఇక్కడ 18. తగ్గింది.